బామ్మ నోటి మాట... పాటైంది!

ఏ ఇంట్లోనైనా ఒక పెద్దావిడ ఉంటుంది. కష్టం వచ్చినప్పుడు ఏదో ఒక మాట అంటుంది. అప్పటికి అందరూ ఊ కొట్టి ఊరుకుంటారు. ఆ మాట ఎవరి మనసులో పడుతుందో, ఎన్నేళ్ళకి మొలకెత్తుతుందో ఎవరికి తెలుసు? అమెరికాలో టెక్సాస్ రాష్ట్రానికి చెందిన ఒక బామ్మగారు 1991లో కన్నకొడుకుని సమాధి చేసిన రోజున మనవడి దగ్గర ఒక మాట అన్నారు. మీ నాన్న ఇప్పుడు అక్కడ ఏమేం చూస్తున్నాడో, మనం ఊహించుకోవడమే కదా అని దాని భావం. పదేళ్ళ తర్వాత ఆ మాటే పాటై, ఒక ఆల్బమ్‌ని లక్షల ఇళ్ళకి మోసుకెళ్ళింది.

ఆ ఆల్బమ్ పేరు 'ఆల్మోస్ట్ దేర్'. 'దాదాపు చేరిపోయాం' అని చెప్పుకోవచ్చు. పాడినవాళ్ళు 'మెర్సీ మీ' అనే క్రైస్తవ సాఫ్ట్ రాక్ బృందం. 2001 ఆగస్టులో విడుదలైంది. రాక్ అనగానే చెవులు మూసుకోకండి! గిటార్లూ డ్రమ్సూ ఉంటాయి గానీ, ఇది హోరెత్తించే రకం కాదు. నెమ్మదైన రాగం, అర్థమయ్యే మాటలు, విషయం దైవప్రార్థన. చంటిపిల్లని జోలపుచ్చుతూ కూడా వినొచ్చు.

పేరు పెట్టింది కూడా బామ్మే!

ఈ బృందానికి గాయకుడు బార్ట్ మిల్లార్డ్. 1994లో స్నేహితులతో కలిసి మొదలుపెట్టాడు. మరి డబ్బో? చర్చిల్లో, కుర్రాళ్ళ శిబిరాల్లో పాడటం, సొంత ఖర్చుతో పాటలు రికార్డు చేసుకుని తామే అమ్ముకోవడం... ఇదీ సంపాదన. మనవడి వాలకం చూసి బామ్మ ఊరుకుంటుందా? బుగ్గలు నొక్కుకుని, నిజమైన ఉద్యోగం ఏదైనా చూసుకోరాదూ అని మందలించేదట. మనం 'అయ్యో రామా' అన్నట్టు అక్కడి పెద్దవాళ్ళు అనే మాట 'మెర్సీ మీ'. ఆ తిట్టునే బృందానికి పేరుగా పెట్టుకున్నారు కుర్రాళ్ళు!

అలా సొంతంగా ఐదారు ఆల్బమ్‌లు చేశాక, ఐ.ఎన్.ఓ. రికార్డ్స్ అనే కంపెనీ వీళ్ళని తీసుకుంది. కంపెనీ ద్వారా దుకాణాలకి చేరిన తొలి ఆల్బమ్ 'ఆల్మోస్ట్ దేర్'. అందుకే దీన్నే వాళ్ళ మొదటి ఆల్బమ్‌గా లెక్కేస్తారు.

ఆ ఇంట్లో ఏం జరిగింది?

ఇక అసలు కథకి వద్దాం. బార్ట్ తండ్రి పేరు ఆర్థర్. వయసులో ఉన్నప్పుడు మంచి ఆటగాడు, నలుగురికీ ఇష్టమైన మనిషి. రోడ్డు పనిలో ఉండగా లారీ గుద్దింది. తలకి దెబ్బ తగిలి కోమాలోకి వెళ్ళాడు. ప్రాణంతో బయటపడ్డాడు గానీ, లేచిన మనిషి వేరు. కోపం, కొట్టడం. తల్లి విడాకులు తీసుకుంది. కొన్నాళ్ళకి ఆవిడ మళ్ళీ పెళ్ళి చేసుకుని వేరే ఊరు వెళ్ళిపోతే, పిల్లలు తండ్రి దగ్గర మిగిలారు. చిన్నవాడైన బార్ట్ ఆ ఇంట్లో ఎన్ని దెబ్బలు తిన్నాడో తర్వాత తనే రాసుకున్నాడు. తండ్రి మెప్పు కోసం ఫుట్‌బాల్ ఆడబోతే కాళ్ళు దెబ్బతిని అదీ ఆగిపోయింది. ఖాళీ ఎందుకని స్కూల్లో పాటల తరగతిలో చేరాడు. గొంతుందని అక్కడే తెలిసింది!

బార్ట్ హైస్కూల్లో ఉండగా ఆర్థర్‌కి క్లోమగ్రంథి కేన్సర్ అని తేలింది. అప్పుడు మారాడు ఆ మనిషి. చర్చికి వెళ్ళడం మొదలుపెట్టాడు, బైబిలు చదివాడు, కొడుకుని దగ్గర కూర్చోబెట్టుకుని మాట్లాడాడు. కొడుకే దగ్గరుండి సేవ చేశాడు. తను పోయాక కుర్రవాడు పాటలు మానెయ్యకూడదని, నెలనెలా కొంత డబ్బు చేతికందే ఏర్పాటు కూడా చేసి పోయాడు తండ్రి. 1991లో ఆయన పోయేనాటికి బార్ట్‌కి 18 ఏళ్ళు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నాకు తోచదు. ఇలాంటి కథ వినగానే కొందరు, "చూశావా, ఓపిక పడితే మగవాడు ఎప్పటికైనా మారతాడు" అని దెబ్బలు తినే ఇల్లాలికి నీతి చెప్పడానికి బయల్దేరతారు. ఈ కథలో అది లేదు. ఆ తల్లి ఓపిక పట్టలేదు, బయటికి వచ్చేసింది. ఆర్థర్‌ని మార్చింది ఎదుటివాళ్ళ సహనం కాదు, చావు ఎదురుగా నిలబడటం, తన తప్పు తను ఒప్పుకోవడం. కొడుకు క్షమించాడంటే, మారిన మనిషిని కళ్ళారా చూసి క్షమించాడు. పడిన దెబ్బలు దాచలేదు, ఊరంతటికీ చెప్పాడు. ఈ తేడా మీ ఇంట్లో ఆడపిల్లలకి తప్పకుండా చెప్పండి.

పది నిమిషాల్లో పాట

సమాధి దగ్గర బామ్మ అన్న మాట బార్ట్‌ని వదల్లేదు. చేతికి దొరికిన కాగితం మీదల్లా అదే రాసుకునేవాడు. ఏళ్ళు గడిచాయి. 1999లో సొంత ఆల్బమ్‌కి ఇంకొక్క పాట తక్కువైంది. బస్సులో పాత నోటు పుస్తకం తిరగేస్తుంటే ఆ మాట కనబడింది. కూర్చుని రాస్తే పది నిమిషాల్లో పాట పూర్తి! 'ఐ కెన్ ఓన్లీ ఇమాజిన్'. పది నిమిషాలని పేరే గానీ, దాని వెనక ఎనిమిదేళ్ళుంది.

అప్పటికే పేరున్న గాయని ఏమీ గ్రాంట్ ఆ పాట విని, తనే పాడతానంది. చిన్న బృందానికి అంతకంటే ఏం కావాలి? సరేనన్నారు. చివరికి ఆవిడే, ఇది మీరు పాడుకోవలసిన పాట అని వెనక్కి ఇచ్చేసింది. పెద్ద మనసంటే అదీ.

అలా 'ఆల్మోస్ట్ దేర్'లో ఆ పాట మళ్ళీ చేరింది. విచిత్రం చూడండి, కంపెనీ రేడియోకి ముందు పంపింది దీన్ని కాదు, 'బ్లెస్ మీ ఇన్‌డీడ్' అనే ఇంకో పాటని. దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. రెండోసారి దీన్ని పంపారు. 2002లో క్రైస్తవ సంగీతానికిచ్చే డవ్ అవార్డుల్లో ఆ ఏటి పాటగా ఎంపికైంది. 2003లో డాలస్ నగరంలో మామూలు పాటలు వేసే ఒక రేడియో స్టేషన్‌లో దీన్ని తమాషాకి వేశారు. వేసిందే తడవు, మళ్ళీ వెయ్యండంటూ ఫోన్లు! అక్కణ్ణించి భక్తిపాటల స్టేషన్లు దాటి దేశమంతా తిరిగింది. ఆల్బమ్ అమ్మకాలు 20 లక్షలు దాటాయి.

ఆల్బమ్‌లో మిగతా పాటలన్నీ ఇంత గొప్పవా అంటే, కాదనే చెప్పాలి. సమూహంగా పాడుకోవడానికి చేసిన ప్రార్థన గీతాలే ఎక్కువ, ఒకదానికొకటి పోలికగా ఉంటాయి. ఈ ఒక్కటీ వేరు. పియానో మీద మెల్లగా మొదలై, గొంతు ఒంటరిగా వచ్చి, తర్వాత డ్రమ్సు కలుస్తాయి. ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్ళకి మాటలు పూర్తిగా అర్థం కాకపోయినా గొంతు పట్టేస్తుంది.

2018లో ఇదే పేరుతో సినిమా వచ్చింది. తండ్రి వేషం డెనిస్ క్వెయిడ్ వేశాడు. 70 లక్షల డాలర్లతో తీస్తే 8 కోట్ల డాలర్లకు పైనే వచ్చాయి! సినిమా అన్నాక కొన్ని సంఘటనలు అటూ ఇటూ మార్చారనుకోండి. బార్ట్ రాసిన పుస్తకం కూడా అదే ఏడు, అదే పేరుతో వచ్చింది. ఇంగ్లీషు చదివే అమ్మాయో అబ్బాయో ఇంట్లో ఉంటే, మధ్యాహ్నం పనులయ్యాక కూర్చోబెట్టి చదివించుకోండి. బామ్మ కబుర్లు అందులోనే ఎక్కువున్నాయి.