రాష్ట్రపతి సంతకం: కోవింద్ ఏం చేయగలిగారు, ఏం చేయలేదు?

2017 జూలై 25న రామ్‌నాథ్ కోవింద్ రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు. కె.ఆర్. నారాయణన్ తర్వాత ఆ పదవికి చేరిన రెండో దళితుడు ఆయన. ఎన్నికలో ఆయన చేతిలో ఓడిన మీరా కుమార్ కూడా దళిత నాయకురాలే. మనవాడు గద్దెనెక్కాడన్న సంతోషం ఒకవైపు, 'రబ్బరు స్టాంపు' అన్న ఎగతాళి మరోవైపు వినిపించాయి. రెండూ పక్కనబెట్టి, ఆ పదవికి రాజ్యాంగం ఇచ్చిన అధికారం ఎంతో చూద్దామంటున్నాం మేము.

కోవింద్‌కు చట్టం కొత్త కాదు. ఇప్పటి కాన్పూర్ దేహాత్ జిల్లా పరౌంఖ్ గ్రామంలో కోలీ కుటుంబంలో పుట్టారు. 1971లో ఢిల్లీలో న్యాయవాదిగా నమోదయ్యారు. 1977-79లో ఢిల్లీ హైకోర్టులో, 1980-93లో సుప్రీంకోర్టులో కేంద్రం తరఫు న్యాయవాది. 1994 నుంచి పన్నెండేళ్లు రాజ్యసభ సభ్యుడు, మధ్యలో బీజేపీ దళిత మోర్చా అధ్యక్షుడు, 2015లో బిహార్ గవర్నర్.

ఆయన హయాంలోని మూడు సంతకాలు చూడండి.

మొదటిది అట్రాసిటీ చట్ట సవరణ. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు మహాజన్ కేసు తీర్పులో అరెస్టుకు ముందస్తు అనుమతి కావాలంది. ఏప్రిల్ 2 భారత్ బంద్‌లో దళితులు ప్రాణాలు కోల్పోయారు. ఆగస్టులో పార్లమెంటు 18ఎ సెక్షన్ చేర్చింది, కోవింద్ ఆమోదించారు. ఈ విజయం ప్రధానంగా వీధిలోకి వచ్చినవాళ్లది.

రెండోది ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలను మినహాయించిన 10 శాతం ఈడబ్ల్యూఎస్ కోటా, అంటే 103వ సవరణ. 2019 జనవరి 12న ఆమోదం పొందింది. రాజ్యాంగ సవరణ బిల్లును రాష్ట్రపతి తిప్పి పంపలేరు. 1971 నాటి 24వ సవరణ తర్వాత 368వ అధికరణం ప్రకారం ఆమోదించి తీరాలి. కాబట్టి ఇక్కడ ఆయన్ను నిందించడంలో అర్థం లేదు.

మూడోది పౌరసత్వ సవరణ చట్టం. అది మామూలు బిల్లు. 111వ అధికరణం కింద పునఃపరిశీలనకు ఒకసారి వెనక్కి పంపవచ్చు. రాజ్యసభ 2019 డిసెంబరు 11న ఆమోదిస్తే, మర్నాడే సంతకమైంది. ఇక్కడ దారి ఉంది, ఆయన ఆ దారి తీసుకోలేదు.

ఆ పదవిలో చేతులు పూర్తిగా కట్టేసి ఉండవనడానికి నారాయణనే సాక్ష్యం. 1997 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన విధించాలన్న కేబినెట్ సిఫారసును ఆయన వెనక్కి పంపారు. కేబినెట్ మళ్లీ పట్టుబట్టలేదు.

కోవింద్ నోరు విప్పని మనిషేమీ కాదు. 2017 నవంబరులో న్యాయవ్యవస్థలో మహిళలు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీల సంఖ్య చాలా తక్కువగా ఉందని బహిరంగంగానే అన్నారు. మాట అన్నారు, బిల్లు మాత్రం తిప్పి పంపలేదు.

అందుకే ప్రాతినిధ్యం గురించి మాట్లాడేటప్పుడు రెండు ప్రశ్నలు కలిపి అడగాలంటాం: కుర్చీలో ఎవరున్నారు? ఆ కుర్చీకున్న అధికారంలో ఎంత వాడారు?