అతుకు మీద నింద.. దోషం ఉక్కులో
యుద్ధకాలపు లిబర్టీ నౌకలు నేర్పిన పాఠం

1943 జనవరి 16వ తేదీ రాత్రి. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రం, పోర్ట్‌లాండ్ రేవు. తుపాను లేదు, అలలు లేవు. రేవులో కట్టి ఉన్న షెనెక్టడీ అనే కొత్త చమురు నౌక పెళ్లుమని నడిమికి విరిగింది. ఆ చప్పుడు మైలు దూరం వినిపించింది. అడుగు రేకు మాత్రమే రెండు భాగాలనూ పట్టి ఉంచింది.

అది నౌకలను హడావుడిగా నిర్మిస్తున్న కాలం. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ జలాంతర్గాములు సరకు ఓడలను వరుసగా ముంచుతుండటంతో, మునిగేవాటి కంటే వేగంగా కొత్తవి కట్టాలని అమెరికా ప్రభుత్వం నిశ్చయించింది. బ్రిటిష్ నమూనాను మార్చుకుని 1941-45 మధ్య 18 కేంద్రాల్లో ఒకే అచ్చులో 2,710 ‘లిబర్టీ’ సరకు నౌకలను నిర్మించింది. ఒక్కోటి 441 అడుగుల పొడవు, సుమారు 10 వేల టన్నుల మోత. ఇంజన్ పాతకాలపు ఆవిరి యంత్రమే. వేగం గంటకు 20 కిలోమీటర్లు. అందం సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

విడిభాగాలను వేరేచోట సిద్ధం చేసి, క్రేన్లతో తెచ్చి వెల్డింగ్‌తో అతికేవారు. ఈ పనిలో వేలాది మహిళలూ పాల్గొన్నారు. 1942 నవంబరులో రాబర్ట్ ఇ.పియరీ అనే నౌక నాలుగున్నర రోజులకే జలప్రవేశం చేసింది. అది ప్రచారం కోసం చేసిన విన్యాసమే అయినా, సగటున ఆరు వారాలకొక నౌక తయారు కావడం సామాన్యమైంది.

పగుళ్లు బయటపడగానే తొలుత నింద వెల్డర్ల మీద పడింది. అతుకుల్లో కొన్నిచోట్ల లోపాలున్న మాట నిజమే. అయితే అసలు కారణం అంతకంటే లోతైనది. కేంబ్రిడ్జి శాస్త్రవేత్త కాన్‌స్టాన్స్ టిప్పర్ పరిశోధనలో ఆ రకం ఉక్కు చలికి సాగేగుణం కోల్పోయి గాజులా పెళుసెక్కుతుందని తేలింది. సరకు దించే ద్వారాల చదరపు మూలల వద్ద ఒత్తిడి పోగుపడి పగులు మొదలయ్యేది. రివెట్లు కొట్టిన ఓడలో అది రేకు అంచున ఆగేది. వెల్డింగ్‌తో ఓడంతా ఏకఖండం కావడంతో పగులుకు అడ్డే లేకపోయింది. 1943 నవంబరులో అలాస్కా సమీపాన జాన్ పి.గెయిన్స్ అనే లిబర్టీ నౌక రెండుగా విరిగి పదిమంది మరణించారు.

ఆ తరువాత మూలలను గుండ్రంగా మార్చారు. పగులును నిలువరించేందుకు రివెట్లతో ఉక్కు పట్టీలు బిగించారు. యుద్ధం గట్టెక్కితే చాలనుకున్న ఆ ఓడల్లో ఒకటైన జెరెమయా ఓబ్రియన్, 1944లో తాను సరకు చేరవేసిన ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరానికి 1994లో స్వర్ణోత్సవం వేళ తన ఆవిరి యంత్రంతోనే మళ్లీ వెళ్లివచ్చింది.