ఎవరూ మీటని స్వరం

రాక్ పాట ఒకటి నచ్చి, దాని రిఫ్‌ని, అంటే మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ వరసని, నేర్చుకుని, ఇంట్లో ఉన్న అకూస్టిక్ గిటార్ మీద వాయించి చూసినవాళ్లకి ఒక అనుభవం తప్పదు. వేళ్లు పడవలసిన చోటే పడ్డాయి. శ్రుతి కుదిరింది, లయ తప్పలేదు. అయినా వినిపిస్తున్నది ఆ పాట కాదు. రికార్డులో గోడలా లేచి నిలబడిన శబ్దం ఇక్కడ రెండు తీగల పొడి చప్పుడుగా మిగిలింది. లోపం తమ చేతిలోనే ఉందనుకుని గిటార్ మూలన పెట్టేసినవాళ్లని తలచుకుంటే నాకు బాధగా ఉంటుంది. చేతిలో లోపమేమీ లేదు. ఆ రికార్డులో గిటార్‌తో పాటు యాంప్లిఫయర్ కూడా ఒక వాద్యమే. అది వాయించిన భాగాన్ని మనకెవరూ నేర్పలేదు, అంతే.

అకూస్టిక్ గిటార్ సంగతి ముందు చూద్దాం. తీగ ఒక్కటే అయితే దాదాపు మూగది. అంత సన్నటి తీగ గాలిని కోసుకుంటూ పోతుందే తప్ప నెట్టలేదు. దాని కంపనం బ్రిడ్జి మీదుగా పై పలకలోకి దిగాలి. ఎక్కువగా స్ప్రూస్ కలపతో, సుమారు 3 మిల్లీమీటర్ల మందంతో చేసే ఆ పలక ఊగి గాలిని ఊపుతుంది. డొల్లలోని గాలి కూడా 100 హెర్ట్జ్ దరిదాపుల్లో అనునాదం చెంది కింది స్వరాలకు బలమిస్తుంది. ఈ ఖర్చంతా తీగే భరించాలి. వేలు ఇచ్చిన శక్తి ఎంతో అంతే. దాన్ని పలక ఎంత త్వరగా శబ్దంగా మారిస్తే స్వరం అంత గట్టిగా మోగుతుంది, అంత త్వరగా ఆరిపోతుంది కూడా.

ఎలక్ట్రిక్ గిటార్‌కి ఈ ఇబ్బంది లేదు. దిమ్మలాంటి దాని ఒళ్లు తీగ శక్తిని పెద్దగా తాగదు. తీగల కింద అయస్కాంతం, దాని చుట్టూ కొన్ని వేల చుట్ల సన్నని రాగితీగ ఉంటాయి. ఇదే పికప్. ఉక్కు తీగ ఊగినప్పుడల్లా అయస్కాంత క్షేత్రం మారి, రాగి చుట్టలో చిన్న విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రాన్నే 1930ల మొదట్లో జార్జ్ బీచమ్ గిటార్‌కి పట్టించాడు. గదిని నింపే శబ్దానికి కావలసిన శక్తిని ఇప్పుడు గోడకున్న సాకెట్ ఇస్తుంది, తీగ కాదు.

అసలు కథ ఆ తర్వాత మొదలవుతుంది. యాంప్లిఫయర్‌కి అది మోయగలిగినదానికన్నా పెద్ద సంకేతం పంపితే తరంగాల శిఖరాలు కోసేసినట్టు చదునైపోతాయి. దీన్నే డిస్టార్షన్ అంటారు. తీగ కంపనం సగానికి తగ్గినా, ఆ సగం కూడా కోత గీతకు పైనే ఉన్నంతసేపు బయటికొచ్చే శబ్దం పెద్దగా తగ్గదు. స్వరం సాగుతూనే ఉన్నట్టు చెవికి అనిపించడానికి కారణం అదే. 1964లో కింక్స్ బృందంలోని డేవ్ డేవీస్ తన స్పీకర్ కాగితాన్ని బ్లేడుతో చీల్చింది ఇలాంటి బొంగురు కోసమే.

డిస్టార్షన్ చేసే ఇంకో పని ఉంది. రాక్ సంగీతపు వ్యాకరణాన్నే మార్చేసిన పని అది. రెండు స్వరాలు కలిసి దానిలోకి వెళితే, వాటి పౌనఃపున్యాల మొత్తాలు, తేడాలు కొత్త స్వరాలుగా బయటికి వస్తాయి. 110 హెర్ట్జ్ షడ్జమం, 165 హెర్ట్జ్ పంచమం కలిపి మీటామనుకోండి. తేడా 55. అంటే మన షడ్జమానికి సరిగ్గా ఒక స్థాయి కింద, ఎవరూ మీటని మరో షడ్జమం మోగుతుంది. గిటార్‌లో అన్నిటికన్నా కింది తీగ 82.4 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. యాంప్లిఫయర్ అంతకన్నా కిందికి దిగి వాయిస్తోంది! తంబూరా విని పెరిగిన చెవికి ఈ స-ప జంట బాగా పరిచయం. రాక్ వాళ్లు దాన్నే పవర్ కార్డ్ అంటారు.

మరి గాంధారం కూడా కలపవచ్చు కదా? కలిపితే చిక్కు. గిటార్ మెట్లు స్వరాలను సమానమైన అంతరాలుగా పంచుతాయి. వాటి మీద పంచమం దాదాపు స్వచ్ఛంగానే పలుకుతుంది గానీ అంతర గాంధారం కాస్త ఎక్కువ పలుకుతుంది, 137.5 హెర్ట్జ్ రావలసిన చోట 138.6. మామూలుగా చెవి దీన్ని క్షమించేస్తుంది. డిస్టార్షన్ క్షమించదు. 27.5 హెర్ట్జ్ దగ్గర ఒకటిగా కలవవలసిన రెండు తేడాలు 28.6, 26.2 అని విడిపోయి ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయి. ప్రతి స్వరంతో పాటు సన్నగా మోగే పై హార్మోనిక్స్‌లోనూ అదే గొడవ. శబ్దమంతా బురద అవుతుంది. అందుకే పవర్ కార్డ్‌లో గాంధారం ఉండదు.

అకూస్టిక్ గిటార్ మీద పవర్ కార్డ్ ఎందుకు బోలుగా వినిపిస్తుందో ఇప్పుడు తెలుస్తుంది. తేడా స్వరాన్ని పుట్టించే యాంప్లిఫయర్ లేదు, కాబట్టి ఆ 55 హెర్ట్జ్ లేదు. బురద భయమూ లేదు. అలాంటప్పుడు గాంధారాన్ని దూరం పెట్టడం దేనికి? పాట రాగఛాయని బట్టి సరైన గాంధారాన్ని వెనక్కి పిలిచి, ఆరు తీగలూ మోగే నిండు కార్డ్ పట్టుకోవాలి. వేలు పడని తీగలు ఎంత ఎక్కువ మోగితే అంత మంచిది. అడుగు చాలకపోతే ఆరో తీగని 73.4 హెర్ట్జ్‌కి దించే డ్రాప్ డి శ్రుతి ఉండనే ఉంది. రిఫ్‌కి కరుకుదనం కావాలంటే మీటే చేతిని బ్రిడ్జి దగ్గరికి జరపాలి. తీగని సరిగ్గా నడిమధ్య మీటితే సరి సంఖ్య హార్మోనిక్స్ పుట్టవు. అంచుకి జరిగేకొద్దీ పై హార్మోనిక్స్ బలపడతాయి.

తీగని పక్కకి లాగి స్వరం పెంచే బెండ్ మాత్రం గట్టి పరీక్షే. ఒక పూర్తి స్వరం పైకి వెళ్లాలంటే తీగ బిగువు సుమారు 26 శాతం పెరగాలి. ఎలక్ట్రిక్ గిటార్‌కి వేసే సన్నని తీగల సెట్ మొత్తం బిగువు 40 కిలోల దరిదాపు. అకూస్టిక్‌లో అది 70 కిలోలు దాటుతుంది. పైగా మూడో తీగకి చుట్ట కూడా ఉంటుంది. వేళ్లు కోసుకునేదాకా లాగడం కంటే, కింది మెట్టు మీద మీటి పై మెట్టుకి జారడం నయం.

ఇదే భౌతిక శాస్త్రాన్ని ఎదురుదిక్కులో నడిపినవాడు మనవాడే. 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్. మామూలు మాండలిన్‌లో ఎనిమిది తీగలు జంటలు జంటలుగా ఉంటాయి. జంటని లాగడం కష్టం, మీటిన స్వరం వెంటనే ఆరిపోతుంది, ఇక కర్ణాటక గమకం ఎక్కడ నిలుస్తుంది? ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకుని, జంటలు తీసేసి ఒంటి తీగలు ఐదు పెట్టుకున్నారు. వీణ మీద పలికే సాగదీత మాండలిన్‌కి అలా వచ్చింది. ఆయన గమకం వెనక కూడా పికప్ ఉందన్న మాట నాకు ఎంతో ఇష్టం.

ఎలక్ట్రిక్ పాటని చెక్క గిటార్ మీదికి తెచ్చిన వాళ్లలో నేను మళ్లీ మళ్లీ వినేది ఎరిక్ క్లాప్టన్‌ని. 1970 నాటి 'లైలా'లో గిటార్ ట్రాకులు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి, పైన డ్వేన్ ఆల్‌మన్ స్లైడ్ కేక. 1992 జనవరిలో ఇంగ్లండ్‌లోని బ్రే స్టూడియోలో, 1939 నాటి మార్టిన్ గిటార్‌తో కూర్చున్నప్పుడు క్లాప్టన్ ఆ కేక జోలికే పోలేదు. వేగం తగ్గించాడు, ఊయల లాంటి నడక ఇచ్చాడు, గొంతు తగ్గించాడు, చివరి పియానో భాగాన్ని మొత్తంగా వదిలేశాడు. స్వరాలు ఎంత త్వరగా ఆరిపోతాయో పాట నడక అంతకు సరిపడేలా కుదిరింది. ఆ పాటకి 1993లో గ్రామీ వచ్చింది.

కర్ట్ కోబేన్ మరో దారి పట్టాడు. 1993 నవంబర్ 18న న్యూయార్క్‌లో నిర్వాణ బృందం 'అన్‌ప్లగ్డ్' కచేరీ చేసింది. డేవిడ్ బోవీ పాట 'ద మ్యాన్ హూ సోల్డ్ ద వరల్డ్'లో రిఫ్ స్వరాలు సాగి నిలబడాలి. చెక్క పలక వల్ల అయ్యే పని కాదు. కోబేన్ తన మార్టిన్ గిటార్‌కున్న పికప్‌ని యాంప్లిఫయర్‌కి కలిపాడు. ప్లగ్ లేని కచేరీలో అది కంటికి కనిపించకూడదు కాబట్టి, నిర్వాహకులు యాంప్లిఫయర్ ముందు ఒక ఉత్తుత్తి పెట్టె నిలబెట్టి, వేదిక మీది మానిటర్ స్పీకర్‌లా కనిపించేట్టు చేశారు. ఈసారి ఆ పాట పెట్టినప్పుడు గిటార్ ఒంటరిగా మోగే చోట జాగ్రత్తగా వినండి. పెట్టె వెనక నుంచి వస్తున్న ఆ సన్నని బొంగురు స్పష్టంగా తెలుస్తుంది.