పోయేటప్పుడు ఎక్కువ, వచ్చేటప్పుడు తక్కువ: విమాన ప్రయాణంలో గాలి లెక్క

చైనా రాజధాని బీజింగ్ నుంచి ఆ దేశ వాయవ్య ప్రాంతంలోని ఉరుంచి నగరానికి విమానంలో వెళ్లడానికి సుమారు నాలుగు గంటలు పడుతుంది. తిరుగు ప్రయాణం దాదాపు మూడున్నర గంటల్లోనే పూర్తవుతుంది. దూరం మాత్రం ఎటునుంచి కొలిచినా ఒకటే. భూగోళంపై అతి దగ్గరి దారిలో అది సుమారు 2,400 కిలోమీటర్లు.

ఇది గడియారాల తేడా కాదు. చైనా చాలా విశాలమైనదే అయినా, దేశమంతటా అధికారికంగా ఒకే సమయం అమల్లో ఉంది. ఉరుంచిలో సూర్యుడు బీజింగ్ కంటే దాదాపు రెండు గంటలు ఆలస్యంగా నడినెత్తికి వస్తాడు. విమానాల పట్టికలో మాత్రం రెండు చోట్లా బీజింగ్ సమయమే ఉంటుంది. కాబట్టి అందులో కనిపించే తేడా నిజంగా ప్రయాణ కాలంలోని తేడాయే.

భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది కదా, పడమరగా వెళ్లే విమానమే ముందు చేరాలి కదా అనే సందేహం చాలామందికి వస్తుంది. కానీ భూమితో పాటు వాతావరణం కూడా తిరుగుతుంది. విమానం ఎగిరేది ఆ గాలిలోనే. అసలు కారణం, ఆ గాలి నేలకంటే ఇంకాస్త వేగంగా తూర్పుకు సాగడం.

ఉష్ణమండలానికీ ధ్రువ ప్రాంతానికీ మధ్య ఉష్ణోగ్రతల తేడా వల్ల, భూభ్రమణ ప్రభావం వల్ల మధ్య అక్షాంశాల్లో పశ్చిమ గాలులు వీస్తాయి. సుమారు 10 కిలోమీటర్ల ఎత్తున ఇవి సన్నని, వేగవంతమైన ప్రవాహాలుగా మారతాయి. వీటినే జెట్ స్ట్రీమ్‌లు అంటారు. చలికాలంలో తూర్పు ఆసియా మీద వీటి వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటే సందర్భాలూ ఉన్నాయి.

ఒక చిన్న లెక్క చూద్దాం. గాలితో పోలిస్తే విమానం వేగం గంటకు 850 కిలోమీటర్లు, పశ్చిమ గాలి వేగం 100 కిలోమీటర్లు అనుకుందాం. ఎదురుగాలిలో విమానం నేలమీద గంటకు 750 కిలోమీటర్లే ముందుకు సాగుతుంది. 2,400 కిలోమీటర్లకు 3 గంటల 12 నిమిషాలు పడుతుంది. గాలివాటున వేగం 950 అవుతుంది, సమయం 2 గంటల 32 నిమిషాలు. రన్‌వే దాకా నడక, ఎక్కడం, దిగడం కలిపితే పట్టికలోని సమయం ఇంకా పెరుగుతుంది.

పోయేటప్పుడు నష్టపోయిన సమయం వచ్చేటప్పుడు పూర్తిగా తిరిగి రాదు. గాలి లేకపోతే రానుపోను 5 గంటల 39 నిమిషాలు పట్టేది, ఇప్పుడు 5 గంటల 44 నిమిషాలు పడుతోంది. ఎదురుగాలిలో గడిపే సమయమే ఎక్కువ కావడం దీనికి కారణం.

ఈ గాలులను 1920లలోనే జపాన్ వాతావరణ శాస్త్రవేత్త వసబురో ఒయిషి బెలూన్లు ఎగరేసి కొలిచారు. నేటికీ బెలూన్ల కొలతలు, ఉపగ్రహ సమాచారం గాలి అంచనాలకు ఆధారం. విమానంలో ఎంత ఇంధనం నింపాలో ఆ అంచనాలను బట్టే నిర్ణయిస్తారు. తక్కువైతే ప్రమాదం. అనవసరంగా ఎక్కువైతే ఆ బరువును మోయడానికే మరికొంత ఇంధనం ఖర్చవుతుంది.

చలికాలంలో ఉత్తర భారతం మీదుగా కూడా ఇలాంటి జెట్ స్ట్రీమ్ సాగుతుంది. మన దేశానికీ ఒకే ప్రామాణిక సమయం కాబట్టి, ఢిల్లీ–గువాహటి విమానాల పట్టికలోనూ ఈ గాలి జాడను వెతికి చూడవచ్చు.