న్యూయార్క్ దాటితేనే అమెరికా

సినిమాలకు లొకేషన్లు చూసిపెట్టడం నా పని. ఫిల్మ్‌నగర్‌లో కథ వినగానే నేను అడిగే మొదటి ప్రశ్న ‘ఇది ఎక్కడ జరుగుతుంది?’ అని. 1987లోనే జంధ్యాల గారు ‘పడమటి సంధ్యారాగం’ అమెరికాలో తీసి దారి చూపించారు. 2020లో వచ్చిన ‘నిశ్శబ్దం’ కథ సియాటెల్‌లో నడిచింది. అయినా మనలో చాలామందికి అమెరికా అంటే ఇప్పటికీ న్యూయార్క్ మేడలే. కారులో రాష్ట్రాలు దాటుతూ వెళ్తే కనిపించే అమెరికా వేరు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు న్యూమెక్సికోలోని వైట్ శాండ్స్. కనుచూపు మేరా తెల్లని దిబ్బలు. అది మామూలు ఇసుక కాదు, జిప్సం. కొండల్లోని జిప్సం వాననీటిలో కరిగి లోయలోకి దిగుతుంది. అక్కణ్నుంచి బయటికి పోయే నది లేదు. నీరు ఆవిరైపోయి స్ఫటికాలు మిగులుతాయి. గాలి వాటిని నలిపి దిబ్బలు పోస్తుంది. మండువేసవిలోనూ అరికాళ్లు కాలవు! పాటకు నర్తించేవాళ్లకు అంతకంటే ఏం కావాలి? మధ్యాహ్నం ఆ తెలుపు మీద వెలుగు కళ్లు చెదరగొడుతుంది కాబట్టి షాట్లు పొద్దున్నే, లేదా సాయంత్రం పెట్టుకోవాలి.

ఆ తర్వాత అరిజోనాలోని యాంటిలోప్ కాన్యన్. మెరుపు వరదలు ఇసుకరాయిని కోసి చేసిన ఇరుకు దారి అది. మన గండికోట దగ్గర పెన్న చేసిన పని లాంటిదే. ఆ నేల నవాహో ప్రజలది. గైడ్ తోడు లేనిదే లోపలికి పంపరు. ఆ నియమాన్ని మనసారా గౌరవించాలి.

వర్షం సీనుందంటే వాషింగ్టన్ రాష్ట్రంలోని స్నోక్వాల్మీ జలపాతం చూడమంటాను. ఎత్తు 268 అడుగులు, సియాటెల్‌కు దగ్గర.

కొత్త దర్శకులూ, కథ రాసేముందే ఒకసారి ఆ రోడ్లమీద తిరిగి రండి. చోటు తెలిస్తే సన్నివేశమే మారిపోతుంది.