చల్లగా తినే మాంసం: తెలుసుకోవలసిన జాగ్రత్తలు

నగరంలోని పెద్ద దుకాణాల శీతల అరలలో సలామీ, హామ్ మొదలైన పేర్లతో పలుచగా కోసిన మాంసపు స్లైసులు పొట్లాలలో లభిస్తున్నాయి. రెండు బ్రెడ్డు ముక్కల నడుమ వీటిని పెట్టుకొంటే పొయ్యి వెలిగించకుండానే పూట గడుస్తుంది. ఉదయమే పనులకు బయలుదేరే కుటుంబాలకు ఇది అనుకూలమే. కాని ఈ మాంసాన్ని ఇంట వండిన కూరతో సమానంగా భావించరాదు.

ఐరోపా వాసులు చలికాలానికి మాంసం నిలువ ఉంచుకొనేందుకు ఉప్పు పట్టించడం, పొగపెట్టడం, ఆరబెట్టడం వంటి పద్ధతులను అవలంబించారు. జర్మన్, యూదు వలసదారులు 19వ శతాబ్దంలో వాటిని న్యూయార్క్ నగరానికి తీసుకొనిపోయారు. అక్కడ ఇటువంటి ఆహారం అమ్మే అంగళ్లకు 'డెలీ' అనే పేరు స్థిరపడింది. పరాయి నగరంలో పుట్టింటి రుచిని నిలుపుకోవాలన్న వలసదారుల ఆరాటమే ఆ అంగళ్లను నిలిపింది.

తెలుగు ఇండ్లలోనూ మాంసానికి ఉప్పు, పసుపు పట్టించి ఎండబెట్టి దాచుకొనే ఆచారం ఉంది. అయితే ఆ ఎండుమాంసాన్ని తినేముందు తప్పక వేయించడమో, వండడమో జరుగుతుంది. సలామీ, హామ్ స్లైసులను మాత్రం చల్లగానే తింటారు. ప్రమాదమంతా ఈ ఒక్క తేడాలోనే ఉంది.

కర్మాగారంలో మాంసాన్ని ఉడికించినప్పుడు సూక్ష్మక్రిములు నశిస్తాయి. కాని ఆ తరువాత కోసేటప్పుడు, పొట్లం కట్టేటప్పుడు లిస్టీరియా అనే క్రిమి తిరిగి చేరవచ్చు. సాధారణంగా చలికి క్రిముల పెరుగుదల ఆగిపోతుందని అనుకొంటారు. లిస్టీరియా మాత్రం ఫ్రిజ్‌లోనూ నెమ్మదిగా పెరుగుతుంది. 2017-18లో దక్షిణాఫ్రికాలో పోలొనీ అనే ఇటువంటి మాంసం ద్వారా వ్యాపించిన ఈ వ్యాధి 1,000 మందికి పైగా సోకి, 200 మందికి పైగా ప్రాణాలను బలిగొన్నది. వ్యాధి సోకినవారిలో పసికందులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. గర్భిణికి స్వల్ప జ్వరంగా కనిపించే ఈ వ్యాధి గర్భస్రావానికి, మృతశిశు జననానికి కారణం కాగలదు.

కనుక గర్భిణులు, 65 ఏండ్లు దాటినవారు, రోగనిరోధక శక్తి తగ్గినవారు ఈ మాంసాన్ని ఆవిరి వచ్చేంతవరకు, అనగా 74 డిగ్రీల సెల్సియస్ వరకు, వేడిచేసి తినాలి, లేదా మానివేయాలి. కూతురి పురుటికి విదేశాలకు వెళ్లే తల్లులు కూడా ఈ విషయం గుర్తుంచుకోవాలి. అక్కడ సాండ్‌విచ్‌లో చల్లని మాంసం నిత్యం కనిపించే ఆహారమే.

కొనేటప్పుడు పొట్లంపై గడువు తేదీని, 14 అంకెల ఆహార లైసెన్సు సంఖ్యను చూడాలి. ఏ జంతువు మాంసమో కూడా చదవాలి. హామ్ మొదట పంది తొడ మాంసానికి పేరు. నేడు కోడిమాంసంతో చేసినదీ అదే పేరుతో దొరుకుతున్నది. ఆచారరీత్యా కొన్ని మాంసాలు తినని ఇండ్లలో పేరును మాత్రమే నమ్మి మోసపోరాదు. పొట్లాన్ని 5 డిగ్రీలకు మించని చల్లదనంలో ఉంచి, విప్పిన తరువాత 3 నుండి 5 రోజులలో వాడుకోవాలి. కరెంటు చాలాసేపు పోయి ఫ్రిజ్ చల్లదనం తగ్గితే, వాసన బాగున్నా పారవేయడమే క్షేమం.

మరొక సంగతి. రోజూ 50 గ్రాముల శుద్ధిచేసిన మాంసం తింటే పెద్దప్రేగు క్యాన్సర్ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో ప్రకటించింది. వీటిలో ఉప్పు కూడా అధికం. అందువల్ల పిల్లల డబ్బాలో ప్రతిదినం పెట్టదగిన ఆహారం కాదిది. ఎప్పుడో ఒకనాడు, అదీ వేడిచేసి, తినదగినది.