పెదవి మీద మానని పుండు: నొప్పి లేదని ఊరుకోవచ్చా?

ఈరోజు పెదవి క్యాన్సర్ గురించి మాట్లాడుకుందాం.

వెలిగండ్ల నుంచి ఒక పెద్దాయన కొడుకుని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చారు. కింది పెదవి మీద, కుడి పక్కన, శనగబద్ద అంత పుండు. ఎన్నాళ్లయిందయ్యా అంటే, "నాలుగు నెలలు సార్, నొప్పేం లేదు, చుట్ట కాలిందేమో అనుకున్నా" అన్నారు. ముందు పసరు పూశారు, తర్వాత మెడికల్ షాపు ఆయింట్‌మెంటు.

ఆ "నొప్పేం లేదు" అన్న మాటకే నాకు అనుమానం వచ్చింది. మామూలు నోటిపూత మంట పుట్టిస్తుంది, అన్నం తిననివ్వదు, కానీ పది పదిహేను రోజుల్లో దానంతట అదే తగ్గిపోతుంది. క్యాన్సర్ పుండు మొదట్లో చాలామందికి నొప్పి చెయ్యదు. పక్కులు కడుతుంది, ఊడుతుంది, కాస్త రక్తం వస్తుంది, మళ్లీ పక్కు కడుతుంది. వేలితో పట్టుకుంటే అంచులు గట్టిగా తగులుతాయి. రెండు మూడు వారాలు దాటినా మానకపోతే డాక్టరుకు చూపించాల్సిందే. కొందరిలో దీనికి ముందే తెల్లటి మచ్చ వస్తుంది, తుడిచినా పోదు.

ఎక్కువగా వచ్చేది కింది పెదవికే. ఎండ నేరుగా పడేది దానిమీదే కదా. మన ఒంటి రంగు ఎండ నుంచి కొంత కాపాడుతుంది. పొగాకు నుంచి కాపాడేది మాత్రం ఏదీ లేదు. కనిగిరి, పొదిలిలో పొగాకు వేలం కేంద్రాలున్న ప్రాంతం మనది. పండించేవాళ్లందరూ తాగరు, అది వేరే సంగతి. కానీ చుట్ట, బీడీ ఇంటింటికీ తెలుసు. ఖైనీ పెదవి లోపల అదిమిపెట్టుకునేవాళ్లకి సరిగ్గా అక్కడే వస్తుంది. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో అడ్డపొగ తాగే ఆడవాళ్లకి, నిప్పు లోపలికి ఉంటుంది కాబట్టి, అంగిట్లో వస్తుంది. నిప్పు, పొగాకు ఎక్కడ తగిలితే అక్కడ.

ముక్క తీసి పరీక్షకు పంపాలి అన్నాను. కొడుకు వెంటనే, "కత్తి పెడితే పాకుతుందంట కదా సార్?" అన్నాడు. ఈ మాట నేను వారానికి ఒక్కసారైనా వింటాను. ముక్క తీసినందువల్ల పాకదు నాయనా, నాలుగు నెలలు వదిలేస్తే పాకుతుంది. పాకేటప్పుడు ముందుగా గడ్డం కింద, దవడ కింద బిళ్లలు గట్టిపడతాయి. అందుకే పెదవి చూసిన ప్రతిసారీ మెడ కూడా తడిమి చూస్తాం, అవసరమైతే స్కానింగ్ చేయిస్తాం.

ఆయనది 2 సెంటీమీటర్ల లోపే. అంటే మొదటి దశ. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, చుట్టూ కొంచెం మంచి కండతో సహా వి ఆకారంలో కోసి కుట్టేస్తారు. పెదవిలో మూడో వంతు దాకా తీసినా అలా కలిపేయొచ్చు, నోరు బాగానే పనిచేస్తుంది. అంతకన్నా పెద్దదైతే పై పెదవి నుంచో బుగ్గ నుంచో కండ తిప్పి అతకాలి. బిళ్లల్లోకి వెళ్తే మెడ ఆపరేషన్, ఆ తర్వాత చాలామందికి రేడియేషన్, ఆరు వారాల దాకా. దానికి ముందు పుచ్చిపళ్లు తీయించుకోవాలి, తర్వాత తీస్తే దవడ ఎముక సరిగా మానదు. అదే జబ్బు, ఆలస్యమైతే ఇంత తేడా.

ఖర్చు గురించి చాలామంది వెనకాడతారు. ఆరోగ్యశ్రీ అనేవాళ్లం, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ, అందులో క్యాన్సర్ వైద్యం ఉంది. గుంటూరు జనరల్ ఆసుపత్రిలో నాట్కో క్యాన్సర్ సెంటర్ ఉంది.

పెద్దాయనకి ఆపరేషన్ అయింది, సంకటి తింటున్నారు. రెండు మూడు నెలలకోసారి వచ్చి మెడ చూపించుకుంటున్నారు. చుట్ట మానేశారా అంటే మాత్రం కొడుకు వైపు చూస్తారు. అది మానడం ఎలాగో వచ్చే వీడియోలో చెప్తాను. ఉంటానండీ.